అమెరికా ఫ్లైట్ ఎక్కేలోపే బాబుకి రెండో డోసు వేయించేయొచ్చా?

ప్రశ్న క్లుప్తంగా ఇది. అడిగినావిడ మియాపూర్‌లో ఉంటారు. బాబుకి 14 ఏళ్ళు, పాపకి 10. మే 20న ఇద్దరికీ ఆటలమ్మ టీకా, అదే చికెన్‌పాక్స్ టీకా, మొదటి డోసు వేయించారు. బాబుకి రెండోది నాలుగు వారాల తర్వాత అని చెప్పారు. వాళ్ళ నాన్నగారు ఇప్పటికే డాలస్‌లో ఉన్నారు. వీళ్ళు ముగ్గురూ జూన్ 12 రాత్రి ఫ్లైట్ ఎక్కుతున్నారు. అక్కడి స్కూల్లో చేరాలంటే రెండు డోసులూ అయి ఉండాలని ఎవరో చెప్పారట. ఇంటి దగ్గరి క్లినిక్‌లో నర్సు "నాలుగైదు రోజులు అటూ ఇటూ అయితే ఏం కాదమ్మా, 11న వేసేస్తాం" అన్నారట. వేయించేయనా, ఆగనా అని అడుగుతున్నారు.

ఆగండమ్మా. 11న వేయించకండి.

మే 20 నుంచి లెక్కపెడితే జూన్ 11కి 22 రోజులవుతాయి. 28 రోజులు నిండేది జూన్ 17న. 22 రోజులకే వేసిన రెండో డోసుని అమెరికాలో డోసుగా లెక్కపెట్టరు. అంతటితో అయిపోదు. లెక్కలోకి రాని ఆ డోసు వేసిన రోజు నుంచి మళ్ళీ 28 రోజులు ఆగి, ఇంకోటి వేయించుకోమంటారు. అంటే జూలై 9. ఇక్కడ ఏమీ చేయకుండా వెళ్ళిపోతే జూన్ 17 తర్వాత ఎప్పుడైనా ఒక్క సూదితో పని అయిపోతుంది. తొందరపడితే అదే పని మూడు వారాలు వెనక్కి పోతుంది, సూదులు రెండవుతాయి. ఈ టీకా చవకేం కాదని మొదటి డోసు బిల్లు చూసినప్పుడే మీకు తెలిసే ఉంటుంది.

ముందుగా వేస్తే బాబు ఒంటికి హాని ఉంటుందా అంటే, లేదు. ఇప్పటికే ఎవరైనా అలా వేయించేసి ఇది చదువుతుంటే కంగారు పడక్కర్లేదు. నష్టం డబ్బు, టైమ్, పిల్లాడి చెయ్యి నొప్పి. అంతే.

నేను పిల్లల డాక్టర్ని, హైదరాబాద్‌లో ప్రాక్టీసు. వేసవి సెలవులు మొదలయ్యాయంటే వీసా స్టాంపింగ్ అయిన కుటుంబాలు టీకా కార్డులు పట్టుకొని వస్తాయి. అందరిదీ ఇదే టెన్షన్, వెళ్ళేలోపు అన్నీ అయిపోవాలి. అన్నీ అవ్వక్కర్లేదు. అన్నీ *మొదలై* ఉంటే చాలు. ఆ సంగతి కింద చెప్తాను. ముందు ఆ నాలుగు రోజుల మాట తేల్చుకుందాం.

మీ నర్సు గారు గాల్లోంచి తెచ్చి చెప్పలేదు. అమెరికాలో టీకాల లెక్కలు చెప్పే ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ మార్గదర్శకాల్లో నాలుగు రోజుల వెసులుబాటు అని ఒకటి నిజంగానే ఉంది. కనీస గ్యాప్ కంటే నాలుగు రోజుల ముందు వరకు వేసిన డోసుని చెల్లుబాటు కింద తీసుకోవచ్చు. మీ లెక్కన అది 24వ రోజు, అంటే జూన్ 13. మీ ఫ్లైట్ 12న. ఒక్క రోజు తేడా!

"అయితే టికెట్ ఒక రోజు జరుపుకుంటే?" అని అడుగుతారని తెలుసు, ఇంతకుముందు అడిగినవాళ్ళున్నారు. నేనైతే జరపను. ఆ వెసులుబాటు ప్రధానంగా పాత రికార్డులు పరిశీలించేటప్పుడు వాడుకోవడానికి పెట్టింది. పొరపాటున రెండు మూడు రోజులు ముందుగా వేసి ఉంటే పిల్లాడికి మళ్ళీ పొడవకుండా సరిపెట్టుకోవడానికి. పైగా అది సిఫార్సు మాత్రమే. స్కూల్ అడ్మిషన్ నియమాలు ఏ రాష్ట్రానివి ఆ రాష్ట్రానివే, కొన్నిచోట్ల దీన్ని ఒప్పుకోకపోవచ్చని సీడీసీయే చెబుతుంది. రేపు నాన్నగారి ప్రాజెక్టు మారి ఇంకో రాష్ట్రానికి వెళ్తే అక్కడి నర్సు మళ్ళీ కార్డు తీసి రోజులు లెక్కపెడుతుంది. 28 నిండిన డోసుకి ఎక్కడా పేచీ ఉండదు.

ఇంకో తిరకాసు. రెండు వేర్వేరు లైవ్ టీకాల మధ్య ఈ నాలుగు రోజుల వెసులుబాటు పనికిరాదు. బలహీనపరిచిన వైరస్‌తో చేసినవి లైవ్ టీకాలు. చికెన్‌పాక్స్, ఎంఎంఆర్ (తట్టు, గవదబిళ్ళలు, రుబెల్లా మూడింటికీ కలిపి వేసేది), ఎల్లో ఫీవర్ లాంటివి ఇందులోకి వస్తాయి. రెండు లైవ్ టీకాలు వేయాలంటే ఒకే రోజు చెరో చేతికి వేయాలి, లేదా పూర్తిగా 28 రోజులు ఆగాలి. మధ్యేమార్గం లేదు. మీ విషయంలో ఇది ఎందుకు ముఖ్యమో కాసేపట్లో చెప్తాను.

ఇంతకీ ఈ 28 రోజులు ఎక్కడి నుంచి వచ్చాయి? లైవ్ టీకాలో ఉండేది బలహీనపరిచిన వైరస్. అది ఒంట్లోకి వెళ్ళి కొంచెం పెరిగితేనే మన రక్షణ వ్యవస్థ దాన్ని చూసి నేర్చుకుంటుంది. మొదటి డోసు పడ్డాక కొన్ని వారాలపాటు ఒళ్ళు కాపలా మీద ఉంటుంది. ఇంటర్‌ఫెరాన్ లాంటి పదార్థాలు తయారవుతుంటాయి. ఆ సమయంలో ఇంకో లైవ్ వైరస్ వస్తే పెరగనివ్వకుండా తొక్కేస్తుంది. సూది పొడిచినట్టే ఉంటుంది, నేర్పాల్సింది నేర్పకుండానే పోతుంది. లైవ్ కాని టీకాల కథ వేరు. వాటిలో మొదటి డోసుతో పుట్టిన జ్ఞాపక కణాలు ముదరడానికి వారాలు, నెలలు పడుతుంది. నారు పోసిన వారానికే పీకి నాటితే ఎలా ఉంటుందో, అవి ముదరకముందే రెండో డోసు ఇస్తే అలా ఉంటుంది. అందుకే హెపటైటిస్-ఎ కి, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా చిన్న వయసు ఆడపిల్లలకి వేసే హెచ్‌పీవీకి ఆరు నెలలు ఆగమంటాం.

అందుకే నేను తల్లిదండ్రులకి ఒకే మాట చెప్తుంటాను. రెండో డోసు ఆలస్యమైతే పెద్ద నష్టం లేదు, ముందుగా వేస్తేనే వృథా. నెల ఆలస్యమైనా, ఏడాది ఆలస్యమైనా, కోర్సు మళ్ళీ మొదట్నుంచి మొదలుపెట్టక్కర్లేదు, ఆగిన చోటు నుంచే కొనసాగించొచ్చు. అలాగని ఆలస్యం చేయమని కాదు. 13 ఏళ్ళు దాటినవాళ్ళలో చికెన్‌పాక్స్ ఒక్క డోసుతో కొందరికి సరిపడా రక్షణ రాదు, రెండోది కావాల్సిందే. ఆలస్యమైతే పెద్ద నష్టం లేదన్న మాటకి పెద్ద మినహాయింపు కుక్క కరిచాక వేసే రేబిస్ టీకా. దాని తేదీలు మాత్రం ప్రయాణం ఉన్నా, పెళ్ళి ఉన్నా తప్పకూడదు. ఆ కోర్సు మధ్యలో ఫ్లైట్ ఉంటే తర్వాతి డోసు ఎక్కడ వేయించాలో ముందే మాట్లాడుకొని వెళ్ళాలి.

"కోవిడ్ అప్పుడు గ్యాప్‌లు ఇష్టమొచ్చినట్టు మార్చారు కదా డాక్టర్ గారూ" అని చాలామంది అంటారు. మార్చిన మాట నిజమే. కోవిషీల్డ్‌కి 2021 జనవరిలో నాలుగు వారాలన్నారు, మార్చిలో ఆరు నుంచి ఎనిమిది వారాలన్నారు, మే నెలలో పన్నెండు నుంచి పదహారు వారాలకి పెంచారు. దాంతో విదేశాల్లో సీట్లొచ్చిన పిల్లలు గగ్గోలు పెట్టారు. జూన్‌లో కేంద్రం చదువు, ఉద్యోగం, టోక్యో ఒలింపిక్స్ కోసం వెళ్ళేవాళ్ళకి 84 రోజులు ఆగకుండానే రెండో డోసు ఇవ్వొచ్చని సడలించింది. ఆ సడలింపులో కూడా అడుగున ఒక గీత ఉంది. 28 రోజులు నిండాకే. అంతకంటే కిందకి వీసా చూపించినా దిగలేదు. 2022 జనవరి 3 నుంచి 15 ఏళ్ళు దాటిన పిల్లలకి కోవాక్సిన్ మొదలుపెట్టినప్పుడు కూడా 28 రోజుల గ్యాపే. అంటే పెంచినా తగ్గించినా, ఏ టీకాకైనా అధ్యయనాల్లో పనిచేసిందని తేలిన కనీస గ్యాప్‌ని మాత్రం ముట్టుకోరు. మీ బాబు టీకాకి ఆ కనీస గ్యాప్ నాలుగు వారాలు.

ఇక అసలు విషయం, మీ డాలస్ ఉన్న టెక్సాస్ రాష్ట్రంలో స్కూలు. ఇక్కడే మీ టెన్షన్ సగం తీరుతుంది.

టెక్సాస్‌లో రెండు డోసులూ కావాలన్న మాట నిజమే, కానీ చేరే రోజుకే అన్నీ పూర్తయి ఉండాలని కాదు. తాత్కాలిక అడ్మిషన్ అని ఉంటుంది. అవసరమైన ప్రతి టీకాకీ కనీసం ఒక్క డోసు పడి ఉండి, తర్వాతి డోసుకి ఇంకా టైమ్ రాకపోతే పిల్లల్ని చేర్చుకుంటారు. స్కూల్ నర్సు 30 రోజులకోసారి రికార్డు చూసి, టైమొచ్చిన డోసు పడిందో లేదో సరిచూస్తుంది. ఆలస్యం చేస్తే అప్పుడు రానివ్వరు. పైగా అక్కడ బడులు తెరిచేది ఆగస్టులో. జూన్ 17 నుంచి ఆగస్టు వరకు మీ చేతిలో బోలెడు టైముంది.

కాబట్టి జూన్ 12లోపు చేయాల్సిన పని ఈ రెండో డోసు కాదు. ఒక్క డోసు కూడా పడని టీకా ఏదైనా మిగిలిందా అని చూడటం. బాబు వయసుకి టెక్సాస్‌లో చూసేవి ఇవి: ధనుర్వాతం-కంఠసర్పి-కోరింత దగ్గుకి చిన్నప్పటి డోసులు, వాటి బూస్టర్, పోలియో, ఎంఎంఆర్ రెండు, హెపటైటిస్-బి మూడు, హెపటైటిస్-ఎ రెండు, చికెన్‌పాక్స్ రెండు, 7వ తరగతి నుంచి మెనింజోకోకల్ టీకా (మెదడు పొరల వాపు తెచ్చే ఒక బాక్టీరియాకి) ఒకటి. ఆఖరిదాన్ని ఇక్కడ మామూలుగా పిల్లలకి వేయం కాబట్టి మీ కార్డులో ఉండకపోవచ్చు. అది 11 ఏళ్ళు నిండాక వేసి ఉండాలి, నాలుగు రకాల మెనింజోకోకస్ మీద పనిచేసేదై ఉండాలి. ఇది లైవ్ టీకా కాదు, చికెన్‌పాక్స్ వేసి ఎన్నాళ్ళయిందనే లెక్క దీనికి అక్కర్లేదు. రేపే వేయించుకోవచ్చు. హెపటైటిస్-ఎ కూడా మామూలుగా వాడే లైవ్ కాని రకమైతే అంతే. బూస్టర్ వేయించేటప్పుడు మాత్రం కోరింత దగ్గు కూడా కలిసిన టీడాప్ అడగండి. మన సర్కారు కార్యక్రమంలో 10, 16 ఏళ్ళకి ఇచ్చే టీడీలో కోరింత దగ్గు ఉండదు.

ఇప్పుడు ఎంఎంఆర్ సంగతి. మీ ప్రశ్నలో దీని ఊసే లేదు కానీ, నాకు దీని మీదే అనుమానం. బాబు చిన్నప్పటి కార్డు తీసి, తట్టు టీకా దగ్గర ఏం రాసుందో చూడండి. అంగన్‌వాడీలోనో పీహెచ్‌సీలోనో వేయించి ఉంటే మీజిల్స్ (తట్టు) అనో ఎంఆర్ (తట్టు, రుబెల్లా) అనో ఉంటుంది. అందులో గవదబిళ్ళల టీకా ఉండదు. అమెరికాకి మూడూ కలిసిన ఎంఎంఆర్ కావాలి. ప్రైవేటులో వేయించి ఉంటే ఎంఎంఆర్ అనే ఉంటుంది, కానీ మొదటిది తొమ్మిదో నెలలో వేసి ఉంటే అది అక్కడ లెక్కలోకి రాదు. ఏడాది నిండాక వేసినవే లెక్క. 15 నెలలకి ఒకటి, నాలుగైదేళ్ళకి ఒకటి ఉంటే మీరు సేఫ్.

లేకపోతే? పైన చెప్పిన లైవ్ టీకాల నియమం మీకు అడ్డొచ్చేది ఇక్కడే. మే 20న చికెన్‌పాక్స్ పడింది కాబట్టి ఎంఎంఆర్ కూడా జూన్ 17 దాకా వేయకూడదు. వేస్తే అది చెల్లదు. అలాంటప్పుడు జూన్ 17 తర్వాత డాలస్‌లో ఒకే రోజు ఒక చేతికి చికెన్‌పాక్స్ రెండోది, ఇంకో చేతికి ఎంఎంఆర్ వేయించడమే మంచి దారి. ఒకే రోజు వేస్తే ఒకటి ఇంకోదాన్ని అడ్డుకోదు.

ఇంతకీ బాబుకి ఎప్పుడైనా ఆటలమ్మ పోసిందా? ఇళ్ళల్లో అమ్మమ్మల్ని అడిగితే "రెండో క్లాసులో పోసింది కదా, వేపాకు పరుపు వేశాం" అని గుర్తుచేస్తారు. పోసి ఉంటే అసలు ఈ టీకాతో పనిలేదు. టెక్సాస్‌లో డాక్టర్ గానీ తల్లిదండ్రులు గానీ ఫలానా సంవత్సరంలో వచ్చిందని రాసిస్తే ఒప్పుకుంటారు. ఒక డోసు వేయించారు కాబట్టి రాలేదనే అనుకుంటున్నాను, అయినా ఒకసారి ఇంట్లో పెద్దవాళ్ళని అడగండి.

కాగితాల గురించి కొంచెం ఎక్కువే చెప్తాను. నేను చూసినంతవరకు పిల్లలు ఇబ్బంది పడింది టీకాలు లేక కాదు, కార్డు అర్థంకాక. మనం తేదీ ముందు, నెల తర్వాత రాస్తాం. వాళ్ళు నెల ముందు రాస్తారు. మన కార్డులో 05/06 అంటే జూన్ 5. అక్కడ చదివే మనిషికి అది మే 6. నా దగ్గర టీకాలు వేయించుకున్న ఒక పాపకి హెపటైటిస్-బి మూడో డోసు రెండోదాని కంటే ముందే వేసినట్టు కనిపించిందట అక్కడి స్కూల్ వాళ్ళకి. రాత్రి పదింటికి ఆ తల్లి ఫోన్. కొత్తగా కార్డు రాసి, నెల పేరు అక్షరాల్లో పెట్టి, సంతకం చేసి, స్కాన్ పంపితే అయిపోయింది. వెళ్ళేముందే చేసి ఉంటే ఆ ఫోన్ రాకపోయేది.

అందుకని మీ డాక్టర్‌ని ఒక లెటర్‌హెడ్ మీద మొత్తం మళ్ళీ రాసిమ్మనండి. పిల్లాడి పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే, ఇంటిపేరు విడదీసి పూర్తిగా. పుట్టిన తేదీ. ప్రతి టీకా ఎదురుగా రోజు, నెల పేరు, సంవత్సరం. కంపెనీ పెట్టిన పేరొక్కటే రాస్తే అక్కడివాళ్ళకి తెలియకపోవచ్చు, ఏ జబ్బుకి వేసిందో ఇంగ్లీషులో ఉండాలి. డాక్టర్ సంతకం, రిజిస్ట్రేషన్ నంబరు, స్టాంపు. పాత కార్డు పారేయకండి, అది అసలు సాక్ష్యం. రెండూ చేతి సంచిలో పెట్టుకోండి, చెకిన్ సూట్‌కేసులో వద్దు.

ఇది ఎలాగూ ఎవరో ఒకరు అడుగుతారు, నేనే చెప్పేస్తాను. "11న వేసేసి 17 అని రాసిమ్మనండి" అని సలహా ఇచ్చేవాళ్ళుంటారు. నా దగ్గర నేరుగా అడిగినవాళ్ళూ ఉన్నారు. నేను రాయను. 17వ తేదీన మీరు ఇండియాలోనే లేరని పాస్‌పోర్టు మీద స్టాంపు చెబుతుంది. అది పక్కన పెట్టినా, రాతలో 28 రోజులు నిండినంత మాత్రాన పిల్లాడి ఒంట్లో నిండవు కదా.

ఇంకొందరు రెండో డోసు వయల్ కొని, ఐస్ ప్యాకులు పెట్టి, ఫ్లాస్కులో తీసుకెళ్తామంటారు. వద్దు. చికెన్‌పాక్స్ టీకా పొడి రూపంలో వస్తుంది, దారిలో ఎక్కడ చల్లదనం తగ్గినా అందులోని వైరస్ చచ్చిపోతుంది. ఇరవై గంటల పైచిలుకు ప్రయాణంలో చల్లదనం తగ్గలేదని ఎవరు పూచీ? అక్కడి డాక్టరు కూడా మీరు తెచ్చిన సీసా ముట్టుకోరు.

డాలస్ దిగాక ఏం చేయాలంటే, నాన్నగారిని ఇప్పుడే ఇన్సూరెన్స్‌లో మీ ముగ్గురి పేర్లు చేర్చే పని మొదలుపెట్టమనండి. కంపెనీల్లో సాధారణంగా కుటుంబం వచ్చిన 30 రోజుల్లోపు చేర్చాలంటారు, అది దాటితే మళ్ళీ ఏడాదికోసారి పేర్లు చేర్చుకునే సమయం దాకా ఆగాలి. కొత్త పేషెంటుకి పిల్లల డాక్టర్ అపాయింట్‌మెంట్ వెంటనే దొరక్కపోవచ్చు. అందుకే దిగాక కాదు, ఇక్కడ ఉండగానే జూన్ 17 తర్వాత ఏ రోజు దొరికితే ఆ రోజుకి బుక్ చేయించండి. మామూలు ఇన్సూరెన్స్ ఉంటే పిల్లలకి సిఫార్సు చేసిన టీకాలకి నెట్‌వర్క్ డాక్టర్ దగ్గర చేతి డబ్బు పడదు. ఇన్సూరెన్స్ ఆలస్యమైతే కౌంటీ ఆరోగ్య విభాగానికి వెళ్ళండి. ఇన్సూరెన్స్ లేని 19 ఏళ్ళలోపు పిల్లలకి టీకాలు ఉచితంగా ఇచ్చే ఫెడరల్ పథకం ఉంది. సూది వేసినందుకు చిన్న ఫీజు అడగొచ్చు, టీకాకి మాత్రం తీసుకోరు.

అక్కడ టీబీ పరీక్ష కూడా అడిగారంటే గుర్తుంచుకోండి. లైవ్ టీకా వేసిన కొన్ని వారాలు ఆ పరీక్ష ఫలితం తప్పుగా రావొచ్చు. కాబట్టి టీకా వేసే రోజే చేయించండి, లేదా నాలుగు వారాలు దాటాక. మన పిల్లలందరికీ పుట్టినప్పుడే టీబీ టీకా బీసీజీ వేసి ఉంటుంది, దానివల్ల చర్మం మీద చేసే పరీక్ష తప్పు చూపొచ్చు కాబట్టి చర్మం మీద చేసేది కాకుండా రక్తపరీక్ష చేయమని అడగండి.

ప్రయాణానికి సంబంధించి ఇంకో చిన్న మాట. చికెన్‌పాక్స్ టీకా వేశాక కొద్దిమంది పిల్లలకి కొన్ని రోజులకో, మూడు వారాలకో అక్కడక్కడా నాలుగైదు పొక్కులు లేస్తాయి. భయపడాల్సింది కాదు. కానీ మొహం మీద పొక్కులతో ఫ్లైట్ ఎక్కబోతే ఎయిర్‌పోర్టులో ఆపి అడిగే అవకాశం ఉంది. జూన్ 12 ముందు అలాంటివేమైనా కనిపిస్తే డాక్టర్‌కి చూపించి, ప్రయాణం చేయొచ్చో లేదో రాయించుకోండి. 

మిగతా టీకాల విషయంలో ఇదే ప్రశ్న వేసేవాళ్ళ కోసం రెండు ముక్కలు.

హెచ్‌పీవీ రెండో డోసు. ఇది ఎక్కువగా ఆడపిల్లల తల్లులు అడుగుతారు. మొదటిది 14 ఏళ్ళకి వేయించారు, ఆరు నెలలకి రెండోది, ఈలోగా పిల్లకి 15 నిండుతుంది, విదేశంలో ఉంటాం, 15 దాటితే మూడు డోసులట కదా, అందుకని ఇప్పుడే వేసేయండి అంటారు. మొన్న వేసవిలో కూడా ఒక తల్లి మూడు నెలలకే వేయమని పట్టుబట్టారు. ఆవిడకి చెప్పిందే ఇక్కడా చెప్తాను. చూసేది *మొదటి* డోసు నాటి వయసు. అది 15 నిండకముందే పడితే, రెండోది 15 దాటాక వేసినా రెండు డోసులతో సరి. అదే రెండోది అయిదు నెలల లోపు వేస్తే మాత్రం మూడోది తప్పదు. అంటే ఆవిడ దేన్ని తప్పించుకోవాలనుకున్నారో తొందరపడితే సరిగ్గా అదే నెత్తికి చుట్టుకునేది.

హెపటైటిస్-ఎ. కనీసం ఆరు నెలలు. అమెరికా నుంచి ఇండియాకి సెలవులకొచ్చే మన పిల్లలకి ఇది బాగా అవసరమే, కానీ ఆ ట్రిప్‌కి మొదటి డోసు చాలు. రెండోది ఎక్కువ ఏళ్ళు నిలవడానికి. తిరిగి వెళ్ళాక వేయించుకోవచ్చు.

కెన్యా లాంటి దేశాలకి వెళ్ళే కుటుంబాలకి మాత్రం ఎల్లో ఫీవర్ టీకాతో చిక్కు. అదీ లైవ్ టీకాయే, ఒక్క డోసే. కానీ వేసిన పది రోజుల తర్వాతే సర్టిఫికెట్ చెల్లుతుంది. తిరిగొచ్చేటప్పుడు మన ఎయిర్‌పోర్టులో అది లేకపోతే క్వారంటైన్. హైదరాబాద్‌లో నారాయణగూడలోని ప్రభుత్వ సంస్థ ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో వేస్తారు. తమ పిల్లాడికి రెండు వారాల క్రితం ఎంఎంఆర్ వేయించి, ఇప్పుడు సఫారీ టికెట్లతో వచ్చినవాళ్ళని చూశాను. అలాంటప్పుడు 28 రోజులు, ఆపైన పది రోజులు కలిపి చూసుకొని టికెట్ తీసుకోవాలి. ఏ లైవ్ టీకా వేయించబోయినా, రాబోయే రెండు నెలల్లో ప్రయాణం ఉంటే ఆ మాట డాక్టర్‌తో ముందే చెప్పండి.

చివరగా మీ పాప. ఆమెకి 10 ఏళ్ళే కాబట్టి చికెన్‌పాక్స్ గ్యాప్ వేరు. 13 లోపు పిల్లలకి రెండు డోసుల మధ్య మూడు నెలలు, అంటే ఆగస్టు 20. స్కూలు తెరిచేనాటికి ఆ తేదీ రాకపోయినా, మొదటి డోసు ఉంది కాబట్టి తాత్కాలికంగా చేర్చుకుంటారు. ఒకవేళ అన్నతోపాటే జూన్ 17 తర్వాత వేసేసినా నాలుగు వారాలు దాటింది కాబట్టి ఆ డోసు చెల్లుతుంది, మళ్ళీ అక్కర్లేదు. ఆమె కార్డులో పోలియో మాత్రం జాగ్రత్తగా చూడండి. 2016 ఏప్రిల్ 1 తర్వాత వేసిన చుక్కల్ని అమెరికాలో లెక్కపెట్టరు, ఆ నెలలోనే మూడు రకాల పోలియో వైరస్ మీద పనిచేసే చుక్కల నుంచి రెండు రకాల మీదే పనిచేసే చుక్కలకి మారారు కాబట్టి. సూది రూపంలో వేసిన పోలియో డోసులు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. తక్కువైతే, అది లైవ్ టీకా కాదు కాబట్టి జూన్ 12లోపు ఒకటి ఇక్కడే వేయించుకోవచ్చు. బాబు కార్డులో తట్టు టీకా దగ్గర ఏముందో, పాపకి పోలియో సూదులు ఏయే తేదీల్లో పడ్డాయో ఇక్కడే రాస్తే ఏవేవి ఎప్పుడో చెప్తాను.